వంశంలో క్లోమ క్యాన్సర్... ముందస్తు పరీక్ష ఎవరికి?

పెద్దాయన కామెర్లతో పోయారని చెప్పుకొనే కుటుంబాలు మన పల్లెల్లో అనేకం. కళ్లు పచ్చబడ్డాయి, పసరు పోయించారు, ఉప్పూ కారం లేని పథ్యం పెట్టారు. రెండు మూడు నెలల్లోనే మనిషి చిక్కి శల్యమై కన్నుమూశారు. పదేళ్ల తర్వాత అదే ఇంట తమ్ముడికీ అదే వరస. ఊరు దానిని తాగుడు ఖాతాలో రాస్తుంది. తాగుడు అలవాటు లేనివారైతే విధి ఖాతాలో వేస్తుంది. ఇలాంటి మరణాలన్నీ కాలేయ జబ్బులవల్ల సంభవించినవి కావు. వాటిలో కొన్ని క్లోమ క్యాన్సర్ మరణాలు. క్లోమం తలభాగంలో పుట్టిన గడ్డ పక్కనే ఉన్న పిత్తనాళాన్ని నొక్కివేస్తే పైకి కనిపించేవి పచ్చకామెర్లే. జబ్బు పేరే తెలియనప్పుడు అది వంశంలో ఉన్నదన్న సంగతి బతికున్నవారికి తెలిసే మార్గం ఉండదు.

క్లోమ క్యాన్సర్ బారిన పడినవారిలో దాదాపు 10 శాతం మందికి వంశపారంపర్య నేపథ్యం ఉంటుందని వైద్యుల అంచనా. అటువంటి కుటుంబాల్లో ఆరోగ్యంగా తిరుగుతున్నవారికి ఏటా పరీక్షలు జరిపితే గడ్డను చిన్నదిగా ఉన్నప్పుడే పట్టుకోవచ్చునని గత పాతికేళ్ల పరిశోధనలు చూపుతున్నాయి. అయితే ఈ పరీక్షలు అందరికీ కావు. ఎవరికి అవసరం, ఎవరికి అనవసరం, ఎవరికి మేలు కంటే కీడే ఎక్కువ అన్నది ముందుగా తేల్చుకోవలసిన విషయం. దానికి స్కానింగ్ యంత్రం కంటే ముందు కావలసింది కుటుంబ చరిత్ర.

కడుపు వెనుక దాగిన గ్రంథి

క్లోమం జీర్ణాశయం వెనుక, వెన్నెముకకు ముందు అడ్డంగా ఉంటుంది. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. తలభాగం చిన్నపేగు మొదటి వంపులో ఒదిగి ఉండగా, తోకభాగం ప్లీహం వరకు సాగుతుంది. తిన్నది అరగడానికి కావలసిన రసాలను, రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్‌ను తయారు చేసేది ఈ గ్రంథే. గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడు వైద్యుడు పొట్ట నొక్కి చూసినా చేతికి తగలదు. పేగుల్లోని గాలి అడ్డుపడటంతో మామూలు పొట్ట స్కానింగ్‌లోనూ చాలాసార్లు సరిగా కనబడదు. తోకభాగంలో గడ్డ పుడితే మొదట్లో కామెర్లు కూడా రావు. నడుములోకి పాకే నొప్పి, ఆకలి మందగించడం, బరువు తగ్గడం, కొత్తగా మధుమేహం బయటపడటం వంటివి కనిపించేసరికే వ్యాధి కాలేయానికో, పక్కనున్న పెద్ద రక్తనాళాలకో పాకి ఉంటుంది.

అమెరికా గణాంకాల ప్రకారం ఈ క్యాన్సర్ నిర్ధారణ అయినవారిలో ఐదేళ్లు జీవించేవారు సుమారు 13 శాతం మాత్రమే. పూర్తిగా నయం కావాలంటే శస్త్రచికిత్స తప్పదు. దానికి వీలున్న దశలో ఆసుపత్రికి చేరేవారు దాదాపు ఐదుగురిలో ఒకరు. గోవా ముఖ్యమంత్రిగా ఉంటూనే మనోహర్ పారికర్ 2019 మార్చిలో మరణించింది క్లోమ క్యాన్సర్‌తోనే. ఆపిల్ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన స్టీవ్ జాబ్స్ పేరు కూడా ఈ సందర్భంలో తరచూ వినిపిస్తుంది. కానీ 2011లో ఆయనను బలిగొన్నది క్లోమంలోనే పుట్టే వేరొక రకం గడ్డ. హార్మోన్లు తయారు చేసే కణాల్లో పుట్టే ఆ రకం సాధారణంగా నెమ్మదిగా పెరుగుతుంది. ఇక్కడ చెప్పుకొంటున్నది అంతకంటే ఎక్కువగా కనిపించే, అంతకంటే ప్రమాదకరమైన రకం గురించి. ఇది జీర్ణరసాలను మోసే నాళాల్లో పుడుతుంది.

ఈ గడ్డ కూడా రాత్రికి రాత్రి పుట్టేది కాదు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2010లో నేచర్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కణంలో తొలి జన్యు మార్పు జరిగాక అది పూర్తిస్థాయి క్యాన్సర్ కణంగా మారడానికి పదేళ్లకు పైగా పడుతుంది. ఇతర అవయవాలకు పాకే శక్తి రావడానికి మరో ఐదేళ్లకు పైగా పడుతుంది. అంటే వెతకడానికి కాలం ఉంది. ఎవరిలో వెతకాలన్నదే ప్రశ్న.

అందరికీ ఎందుకు చేయరు?

పరీక్ష మంచిదైతే ఊళ్లో శిబిరం పెట్టి అందరికీ చేయవచ్చు కదా అన్న సందేహం సహజం. లెక్క చూస్తే జవాబు దొరుకుతుంది. అమెరికాలో ఒక మనిషికి జీవితకాలంలో ఈ క్యాన్సర్ వచ్చే అవకాశం 2 శాతం లోపే. మన దేశంలో అంతకంటే చాలా తక్కువ. ఏడాది కాలాన్ని తీసుకుంటే లక్ష మందిలో కొద్దిమందికే వస్తుంది. ఆరోగ్యవంతుల్లో నూటికి 99 మందికి జబ్బు లేదని సరిగ్గా చెప్పగలిగే పరీక్ష ఒకటి ఉందనుకుందాం. దానిని లక్ష మందికి చేస్తే సుమారు వెయ్యి మందికి లేని జబ్బును ఉందని చెబుతుంది. నిజంగా జబ్బున్న ఆ కొద్దిమందీ ఈ వెయ్యి మంది మధ్య కలిసిపోతారు. మిగతావారందరూ స్కానింగ్‌ల చుట్టూ, సూదితో చేసే ముక్క పరీక్షల చుట్టూ తిరగవలసి వస్తుంది. కొందరు అక్కరలేని పెద్ద శస్త్రచికిత్స దాకా వెళతారు.

ఈ కారణంగానే అమెరికాలోని నివారణ సేవల కార్యాచరణ బృందం లక్షణాలు లేని సాధారణ ప్రజలకు క్లోమ క్యాన్సర్ స్క్రీనింగ్ వద్దని 2004లో సిఫారసు చేసింది. 2019 ఆగస్టులో దానినే మళ్లీ ధ్రువీకరించింది. వంశపారంపర్యంగా ముప్పు ఎక్కువగా ఉన్నవారికి ఈ సిఫారసు వర్తించదని కూడా అందులోనే స్పష్టం చేసింది.

పట్టణాల్లోని ల్యాబుల ప్యాకేజీల్లో కొన్నింట 'క్యాన్సర్ పరీక్ష' పేరిట సీఏ 19-9 అనే రక్తపరీక్ష కూడా కనిపిస్తుంటుంది. చికిత్స పొందుతున్న రోగి పరిస్థితిని గమనించడానికి వైద్యులు దీనిని వాడతారు. ఆరోగ్యవంతుల్లో క్యాన్సర్‌ను వెతకడానికి ఇది ఒంటరిగా పనికిరాదు. పిత్తనాళంలో రాయి అడ్డుపడినా, క్లోమం వాచినా ఈ అంకె పెరుగుతుంది. మరోవైపు 5 నుంచి 10 శాతం మంది శరీరాలు పుట్టుకతోనే ఈ పదార్థాన్ని తయారు చేయవు. అటువంటివారికి క్యాన్సర్ ముదిరినా ఫలితం మామూలుగానే వస్తుంది. ఆ కాగితం చూసుకుని నిశ్చింతగా ఉండటం ఎంత పొరపాటో, అంకె కొంచెం పెరగ్గానే బెంబేలెత్తడం అంతే పొరపాటు.

కార్టర్ ఇంట నాలుగు మరణాలు

వంశంలో క్లోమ క్యాన్సర్ ఎలా కనిపిస్తుందో తెలుసుకోవడానికి అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ కుటుంబాన్ని మించిన ఉదాహరణ లేదు. ఆయన తండ్రి 1953లో 58 ఏళ్ల వయసులో ఈ వ్యాధితో మరణించారు. చెల్లెలు రూత్ 1983లో 54 ఏళ్లకు, తమ్ముడు బిల్లీ 1988లో 51 ఏళ్లకు, మరో చెల్లెలు గ్లోరియా 1990లో 63 ఏళ్లకు ఇదే జబ్బుతో పోయారు. తల్లి లిలియన్‌కు రొమ్ము క్యాన్సర్. నలుగురు తోబుట్టువుల్లో మిగిలింది కార్టర్ ఒక్కరే. ఆయన క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకుంటూ వచ్చారు. 2015లో ఆయనకు చర్మ సంబంధ క్యాన్సర్ బయటపడినా చికిత్సతో కోలుకుని, 2024 డిసెంబరులో నూరేళ్లు నిండాక కన్నుమూశారు. తండ్రికీ తోబుట్టువులకూ సిగరెట్ అలవాటు ఉండేదని, తాను ఎన్నడూ తాగలేదని ఆయన చెప్పేవారు. ఆయన దీర్ఘాయువుకు అదే కారణమని ఒక్క కుటుంబాన్ని చూసి తేల్చలేం. అయినా ఆ మాటలో సత్యం లేకపోలేదని తర్వాతి అధ్యయనాలు తెలిపాయి. ఆ సంగతి కింద చూద్దాం.

ఇలాంటి కుటుంబాల వివరాలను ఒకచోట చేర్చడానికి జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో 1994లో ప్రత్యేక రిజిస్టర్ ప్రారంభమైంది. దాని ఆధారంగా 2004లో వెలువడిన లెక్కలు ఆలోచింపజేస్తాయి. తల్లి, తండ్రి, తోబుట్టువులు, సంతానం అనే దగ్గరి రక్తసంబంధీకుల్లో ఇద్దరికి క్లోమ క్యాన్సర్ వచ్చిన వ్యక్తికి ముప్పు సాధారణ ప్రజల కంటే ఆరు రెట్లకు పైగా ఉన్నట్లు తేలింది. ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువ మందికి వచ్చి ఉంటే 32 రెట్లు. ఒక్కరికే వచ్చి, జన్యులోపమేదీ లేనప్పుడు ముప్పు కొంత పెరిగినా ఏటా స్కానింగ్ చేయించుకోవలసినంత కాదని నిపుణుల అభిప్రాయం.

అంతర్జాతీయ నిపుణుల బృందం 2013లో ఇచ్చి, 2020లో సవరించిన మార్గదర్శకాల సారాంశం ఇది. ఒకే వైపు బంధువుల్లో, అంటే తండ్రి వైపు గానీ తల్లి వైపు గానీ, కనీసం ఇద్దరికి ఈ వ్యాధి వచ్చి ఉండాలి. వారిలో కనీసం ఒకరు మీకు తల్లో, తండ్రో, తోబుట్టువో, బిడ్డో అయి ఉండాలి. ఉదాహరణకు తండ్రికీ, ఆయన అన్నకూ ఈ క్యాన్సర్ వస్తే పిల్లలు ఈ కోవలోకి వస్తారు. భార్యకు ఒకరు, భర్తకు ఒకరు చొప్పున బంధువులు పోతే ఆ రెండింటినీ కలిపి లెక్కించరాదు. ఇక ముప్పు కలిగించే జన్యువు ఉన్నట్లు పరీక్షలో తేలినవారికి నిబంధనలు వేరు.

ఇంటిపేరుతో పనిలేదు

జన్యువుల పేర్లు నోరు తిరగనివే అయినా కొన్నింటిని తెలుసుకోవడం మంచిది. రొమ్ము, అండాశయ క్యాన్సర్లకు కారణమయ్యే బీఆర్‌సీఏ2 జన్యులోపమే క్లోమ క్యాన్సర్‌కూ దారితీయవచ్చు. దీనితో పుట్టినవారికి జీవితకాల ముప్పు 5 నుంచి 10 శాతం. ఏటీఎం, పాల్బ్2 కూడా ఈ కోవలోవే. సీడీకేఎన్2ఏ జన్యులోపం ఉన్న కుటుంబాల్లో చర్మ క్యాన్సర్ మెలనోమాతో పాటు క్లోమ క్యాన్సర్ కనిపిస్తుంది. చిన్నతనంలోనే పెదవుల మీద, నోటిలో నల్లటి మచ్చలు, పేగుల్లో బుడిపెలు వచ్చే ప్యూట్జ్-జెగర్స్ అనే అరుదైన వ్యాధిలో ముప్పు మరీ ఎక్కువ. ఈ అంకెలు విన్నవారు ఒక సంగతి గమనించాలి. బీఆర్‌సీఏ2 లోపం ఉన్న వందమందిలో 90 మందికి పైగా క్లోమ క్యాన్సర్ రాకుండానే జీవితం గడుపుతారు. లోపం ఉండటం వేరు, జబ్బు ఉండటం వేరు.

మన కుటుంబాల్లో మూడు అపోహలు బలంగా ఉన్నాయి. మొదటిది ఇంటిపేరు. వంశం అనగానే తండ్రి, తాత, పెదనాన్న, చిన్నాన్నలనే లెక్కిస్తాం. పెళ్లయి వెళ్లిన ఆడపడుచును వేరే ఇంటి మనిషిగా చూస్తాం. జన్యువుకు ఇంటిపేరు తెలియదు. తల్లిలో లోపం ఉంటే కొడుక్కైనా కూతురికైనా అది సంక్రమించే అవకాశం సగానికి సగం. తండ్రిలో ఉన్నా అంతే. కాబట్టి మేనమామ, అమ్మమ్మ, పెద్దమ్మలకు వచ్చిన జబ్బులూ మన చరిత్రే.

రెండోది మేనరికం. మా ఇంట మేనరికాలు లేవు కనుక వంశపారంపర్య జబ్బుల భయం లేదని చాలామంది ధీమాగా చెబుతారు. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం అందితేనే వచ్చే జబ్బుల విషయంలో ఆ మాట కొంతవరకు నిజం. పైన చెప్పిన క్యాన్సర్ జన్యువుల్లో మాత్రం ఒక్కరి నుంచి వచ్చిన ఒక్క లోపం చాలు. పరాయి సంబంధం చేసుకున్నా అది ఆగదు.

మూడోది, ఇది మగవారి జబ్బు అన్న భావన. పొగ, మద్యం అలవాట్ల కారణంగా మగవారిలో కొంత ఎక్కువ కనిపించే మాట వాస్తవమే. వంశపారంపర్య లోపం ఉన్నప్పుడు ఆడవారికి మినహాయింపు లేదు. కార్టర్ ఇంట పోయిన నలుగురిలో ఇద్దరు ఆడపడుచులే. పైగా బీఆర్‌సీఏ లోపం బయటపడితే ఆ కుటుంబంలోని స్త్రీలు రొమ్ము, అండాశయ క్యాన్సర్ల విషయంలోనూ అప్రమత్తం కావచ్చు. క్లోమం కోసం మొదలైన విచారణ మేనకోడలి రొమ్ము క్యాన్సర్‌ను ముందే పట్టించే సందర్భాలు ఇలాగే వస్తాయి.

రోగి ఉండగానే పరీక్ష

జన్యు పరీక్షకు కాస్త రక్తమో, ఉమ్మో చాలు. అయితే ముందుగా ఎవరికి చేయాలన్నది కీలకం. ఆరోగ్యంగా ఉన్న కొడుక్కి చేస్తే, ఏ లోపమూ లేదని వచ్చిన ఫలితానికి రెండు అర్థాలు ఉంటాయి. తండ్రిలోని లోపం కొడుక్కి రాకపోయి ఉండవచ్చు. లేదా తండ్రి జబ్బుకు కారణమైన లోపాన్ని ఈ పరీక్ష పట్టుకోలేకపోయి ఉండవచ్చు. ఈ రెండింటిలో ఏదో తేలదు. అదే జబ్బుపడిన తండ్రికి ముందు చేసి, లోపం ఫలానా చోట ఉందని తెలిస్తే, పిల్లలకు ఆ ఒక్క చోటే వెతికితే సరిపోతుంది. అప్పుడు లేదని వస్తే ఆ లోపం లేనట్టే.

చిక్కల్లా కాలంతోనే. ఈ వ్యాధి నిర్ధారణ అయ్యాక చాలామంది రోగులకు మిగిలేది నెలలే. ఆ నెలలు కీమోథెరపీ, బిల్లులు, ప్రయాణాలతో గడిచిపోతాయి. జన్యు పరీక్ష మాట ఎవరికైనా గుర్తుకొచ్చేసరికి మనిషి ఉండరు. అందుకే క్లోమ క్యాన్సర్ నిర్ధారణ అయిన ప్రతి రోగికీ, కుటుంబ చరిత్రతో నిమిత్తం లేకుండా, వంశపారంపర్య జన్యు పరీక్ష చేయాలని అమెరికాలోని ఎన్‌సీసీఎన్ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. దీనివల్ల రోగికీ ప్రయోజనం ఉండవచ్చు. బీఆర్‌సీఏ లోపం ఉన్నవారిపై ప్లాటినం ఆధారిత కీమో మందులు బాగా పనిచేస్తాయి. అటువంటి రోగుల్లో వ్యాధి ముదరకుండా ఓలాపరిబ్ అనే మాత్ర కొంతకాలం అడ్డుకోగలదని 2019లో వెలువడిన అధ్యయనంలో తేలింది. వైద్యులు చెప్పకపోతే రోగి బంధువులే అడగడం మేలు.

పరీక్ష నివేదికలో కొన్నిసార్లు 'అర్థం తెలియని మార్పు' అని రాసి వస్తుంది. జన్యు సమాచారమంతా ఎక్కువగా ఐరోపా మూలాలున్నవారి నుంచి సేకరించినది కావడంతో భారతీయుల్లో ఇలాంటి జవాబులు మరింత తరచుగా వస్తుంటాయి. దానిని జబ్బుగా భావించి శస్త్రచికిత్సలకు సిద్ధపడకూడదు. జన్యు సలహా ఇచ్చే నిపుణుడితో మాట్లాడిన తర్వాతే ఏ నిర్ణయమైనా. హైదరాబాద్‌లోని నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో కొన్నింట ఈ సేవలు లభిస్తున్నాయి.

ఏ వయసులో, ఏ పరీక్షలు?

కుటుంబ చరిత్ర మాత్రమే ఉండి జన్యువు తేలనివారికి 50 లేదా 55 ఏళ్లకు, లేదా కుటుంబంలో అందరికంటే చిన్న వయసులో జబ్బుపడినవారి వయసుకు పదేళ్ల ముందు నిఘా మొదలుపెట్టాలని 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. బీఆర్‌సీఏ2, ఏటీఎం, పాల్బ్2 లోపాలు ఉండి, దగ్గరి బంధువుకు ఈ జబ్బు వచ్చి ఉంటే 45 నుంచి 50 ఏళ్ల మధ్య ప్రారంభించాలి. సీడీకేఎన్2ఏ, ప్యూట్జ్-జెగర్స్ అయితే 40 ఏళ్లకే. తేడా ఏమీ కనిపించకపోతే ఏడాదికోసారి, అనుమానం ఉంటే మూడు లేదా ఆరు నెలలకోసారి పరీక్షించాలి.

ప్రధాన పరీక్షలు రెండు. ఒకటి ఎంఆర్ఐ. అయస్కాంత శక్తితో పనిచేసే ఈ స్కానింగ్‌లో క్లోమంతో పాటు దాని నాళమూ, పిత్తనాళమూ చెట్టు కొమ్మల్లా కనిపిస్తాయి. రేడియేషన్ ఉండదు. రెండోది ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్. పరగడుపున మత్తుమందు ఇచ్చి, కొసన చిన్న స్కానింగ్ పరికరం అమర్చిన గొట్టాన్ని నోటి ద్వారా జీర్ణాశయంలోకి పంపుతారు. జీర్ణాశయం గోడకు అవతలే క్లోమం ఉండటంతో గాలి అడ్డు లేకుండా అతి దగ్గరి నుంచి చూసే వీలు కలుగుతుంది. ఒక సెంటీమీటరు లోపు గడ్డలూ కనిపిస్తాయి. అవసరమైతే అక్కడి నుంచే సన్నని సూదితో ముక్క తీయవచ్చు. ఈ రెండింటినీ ఒక ఏడాది ఒకటి, మరుసటి ఏడాది మరొకటి చొప్పున చేయడం చాలాచోట్ల ఆనవాయితీ.

సీటీ స్కాన్ సరిపోదా అని అడిగేవారికి 2012లో వెలువడిన అమెరికా అధ్యయనంలో సమాధానం ఉంది. ముప్పు ఎక్కువగా ఉండి లక్షణాలు లేని 216 మందికి మూడు పరీక్షలూ చేశారు. క్లోమంలో తేడాలను సీటీ 11 శాతం మందిలో, ఎంఆర్ఐ 33 శాతం మందిలో, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ 42 శాతం మందిలో గుర్తించాయి. తేడాల్లో అధికభాగం చిన్న నీటి తిత్తులే. అయినా పరీక్షల చూపులో ఎంత వ్యత్యాసం ఉందో ఈ అంకెలే చెబుతున్నాయి. పైగా సీటీని ఏటా చేస్తే రేడియేషన్ పోగుపడుతుంది.

వీటితో పాటు ఏటా రక్తంలో చక్కెర చూడాలి. ముప్పు ఉన్న కుటుంబాల్లో యాభై దాటినవారికి కొత్తగా మధుమేహం వచ్చి, బరువు కూడా తగ్గుతుంటే దానిని మామూలు షుగర్‌గా కొట్టివేయరాదు. అలాగని మధుమేహం ఉన్న ప్రతివారూ భయపడనక్కర లేదు. యాభై దాటాక కొత్తగా మధుమేహం వచ్చిన వందమందిలో సుమారు ఒక్కరికే మూడేళ్ల లోపు ఈ క్యాన్సర్ బయటపడుతుందని అమెరికా అధ్యయనం ఒకటి తెలిపింది.

ఫలితం దక్కిందా?

ఇంత శ్రమకు ఫలితం ఉందా అన్నది న్యాయమైన ప్రశ్న. అమెరికాలో ఎనిమిది వైద్య కేంద్రాలు 2014లో ప్రారంభించిన అధ్యయనం వివరాలు 2022లో వెలువడ్డాయి. 1,461 మందిని నిఘాలో ఉంచగా 10 మందికి క్యాన్సర్ వచ్చింది. తొమ్మిది పరీక్షల్లో బయటపడగా వాటిలో ఏడు మొదటి దశలోనే దొరికాయి. అంతకుముందరి దశల్లో చేరినవారినీ కలిపి చూస్తే, పరీక్షల్లో క్యాన్సర్ బయటపడినవారిలో 73 శాతం మంది ఐదేళ్లు జీవించారు. 13 శాతంతో పోల్చితే ఇది ఎంతో మెరుగు. నిఘా మధ్యలో మానేసినవారు, పరీక్షలకు దూరమైనవారిలో మాత్రం ఎక్కువ మందికి నాలుగో దశలోనే జబ్బు బయటపడింది.

నెదర్లాండ్స్‌లోని లైడెన్ వైద్య కేంద్రం సీడీకేఎన్2ఏ లోపం ఉన్న 347 మందిని ఏళ్ల తరబడి గమనించింది. 31 మందికి క్యాన్సర్ వచ్చింది. గడ్డల్లో 83 శాతం శస్త్రచికిత్సకు వీలైన స్థితిలో దొరికాయి. ఐదేళ్లు జీవించినవారు 32 శాతం. అమెరికా అంకె అంత గొప్పగా లేకపోయినా సాధారణ రోగులతో పోల్చితే రెట్టింపుకు పైగా మెరుగు.

ఈ అంకెలను చూసి పొంగిపోవడం తగదు. నెదర్లాండ్స్‌లోనే 366 మందిపై జరిగిన మరో అధ్యయనంలో 10 మందికి క్యాన్సర్ రాగా, నలుగురికి రెండు పరీక్షల మధ్యకాలంలో లక్షణాలతోనే బయటపడింది. ఏటా చూసినా గడ్డ తప్పించుకుపోగలదని దీని అర్థం. ఆ పదిమందీ జన్యులోపం తేలిన కుటుంబాలవారే కావడం మరో విశేషం. జన్యువు తేలకుండా కేవలం కుటుంబ చరిత్ర ఆధారంగా చేరినవారిలో ఒక్కరికీ రాలేదు. జన్యు పరీక్షకు అంత ప్రాధాన్యం ఎందుకో దీనిని బట్టి గ్రహించవచ్చు. ముందే కనుగొనడం వల్ల జబ్బు తెలిసిన తేదీ ముందుకు జరిగి, బతికిన కాలం ఎక్కువగా కనిపించే అవకాశమూ ఉంది. కాబట్టి లాభాన్ని కాస్త తగ్గించి చూసుకోవడమే వివేకం.

కీడు సంగతి కూడా చెప్పాలి. నీటి తిత్తి కనబడగానే క్యాన్సర్ కాదు. చాలావాటిని గమనిస్తూ ఉంటే చాలు. క్లోమం తలభాగాన్ని తొలగించే విపుల్ శస్త్రచికిత్స పొట్టకు చేసే అతిపెద్ద ఆపరేషన్లలో ఒకటి. అనుభవం ఉన్న చేతుల్లోనూ ప్రమాదం లేకపోలేదు. క్లోమం మొత్తం తీసివేస్తే జీవితాంతం ఇన్సులిన్ తప్పదు. అనుమానంతో శస్త్రచికిత్స చేశాక తీసిన భాగంలో ప్రమాదకరమైనదేమీ లేదని తేలిన సందర్భాలు అధ్యయనాల్లో ఉన్నాయి. ఇక వయసు మీరి, గుండె, మూత్రపిండాల జబ్బులతో శస్త్రచికిత్సకే తట్టుకోలేని స్థితిలో ఉన్నవారికి ఈ పరీక్షలు చేయడంలో అర్థం లేదు.

క్లోమంలో రాళ్లు ఉన్నవారు

దక్షిణ భారతంలో ప్రత్యేకంగా కనిపించే జబ్బు ఒకటి ఇక్కడ ప్రస్తావనార్హం. చిన్నతనం నుంచే తరచూ కడుపునొప్పి, యవ్వనంలోనే మధుమేహం, స్కానింగ్‌లో క్లోమం నిండా రాళ్లు. మద్యం ముట్టనివారిలోనూ వస్తుంది. చెన్నైలో ఇటువంటి 185 మందిని సగటున నాలుగున్నరేళ్లు గమనించగా 24 మంది మరణించారని, వారిలో ఆరుగురికి కారణం క్లోమ క్యాన్సరేనని 1994లో ప్రచురించారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆసియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులతో కలిసి 2002లో వెలువరించిన పరిశోధన, ఈ జబ్బుకూ స్పింక్1 అనే జన్యువులోని మార్పులకూ సంబంధం ఉన్నట్లు చూపింది. పాశ్చాత్య దేశాల్లో వంశపారంపర్య క్లోమవాపుకు కారణమైన పీఆర్ఎస్ఎస్1 జన్యువు ఇక్కడ ముఖ్య కారణం కాదని తేలింది.

పీఆర్ఎస్ఎస్1 లోపంతో క్లోమవాపు ఉన్నవారికి 70 ఏళ్ల వయసు నాటికి క్యాన్సర్ ముప్పు 40 శాతం వరకు ఉండవచ్చునని 1997 నాటి అధ్యయనం లెక్కగట్టింది. అంతర్జాతీయ సూచనల ప్రకారం వారికి 40 ఏళ్ల నుంచి ఏటా నిఘా అవసరం. మన ప్రాంతపు రాళ్ల జబ్బులో అటువంటి నిర్దిష్ట విధానం స్థిరపడలేదు. రాళ్ల నీడలో చిన్న గడ్డ స్కానింగ్‌కు చిక్కకపోవడమూ ఒక అడ్డంకి. అందువల్ల రాళ్లు ఉన్నవారు నొప్పి తీరు మారినా, కారణం లేకుండా బరువు తగ్గినా, కామెర్లు కనిపించినా పసరు వైద్యం వైపు వెళ్లకుండా వెంటనే జీర్ణకోశ వైద్యుడిని కలవాలి.

ముందు మానవలసింది పొగ

ముప్పు ఉన్నవారు ఖర్చు లేకుండా చేయగలిగిన పని పొగ మానడం. వంశపారంపర్య క్లోమవాపు ఉన్నవారిలో పొగతాగేవారికి, తాగనివారి కంటే దాదాపు 20 ఏళ్లు ముందుగా క్యాన్సర్ వచ్చినట్లు 2001లో వెలువడిన అధ్యయనం తెలిపింది. కార్టర్ చెప్పిన మాట గుర్తు చేసుకోవలసింది ఇక్కడే. సిగరెట్ కాదు చుట్టే కదా, బీడీయే కదా అని సరిపెట్టుకునేవారికి మినహాయింపు ఏమీ లేదు.

ఖర్చు మాత్రం మధ్యతరగతికీ భారమే. జబ్బు పడ్డాక చికిత్సకు పథకాలు, బీమా ఆదుకున్నంతగా, ఆరోగ్యవంతుడు ఏటా చేయించుకునే స్కానింగ్‌కు ఆదుకోవు. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ కోసం పెద్ద నగరాలకు వెళ్లాలి. అందుకే నిజంగా అవసరమైనవారెవరో ముందుగా తేల్చడం డబ్బు రీత్యా కూడా ముఖ్యం.

దానికి అడ్డు తరచూ మౌనమే. ఇంట్లో క్యాన్సర్ ఉందంటే ఆడపిల్లకు సంబంధాలు రావన్న భయంతో జబ్బు పేరు దాచిపెడతారు. అమెరికాలో స్థిరపడిన మనవడికి అక్కడి వైద్యుడు కుటుంబ చరిత్ర ఫారం చేతికిస్తే, అతడు ఇంటికి ఫోన్ చేస్తాడు. ఇక్కడివారు కామెర్లతో పోయారనే చెబుతారు. నిజం తెలిస్తే ఆ కుర్రాడు జన్యు పరీక్ష చేయించుకునేవాడేమో. జన్యు ఫలితాలు గోప్యంగా ఉంచవలసినవే, ఊరంతా చాటనక్కర లేదు. రక్తం పంచుకున్నవారికి చెబితే చాలు.

జన్యు సలహాకు వెళ్లేటప్పుడు రెండు వైపులా మూడు తరాల వివరాలు కాగితం మీద రాసుకుని వెళ్లాలి. ఎవరికి ఏ క్యాన్సర్, ఏ వయసులో, ఏ ఆసుపత్రిలో చూపించారో ఉంటే మంచిది. కర్మకాండలు ముగిశాక పోయినవారి ఆసుపత్రి ఫైలును పారవేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. డిశ్చార్జి సమ్మరీని, ముక్క పరీక్ష నివేదికను భద్రపరచాలి. ముక్క పరీక్షకు తీసిన కణజాలాన్ని మైనం దిమ్మెలో ఆసుపత్రులు కొన్నేళ్లపాటు నిల్వ చేస్తాయి. నివేదిక మీది నంబరు ఉంటే, మనిషి లేకపోయినా కొన్ని సందర్భాల్లో ఆ దిమ్మెను తెప్పించి పరీక్షించే వీలుంటుంది.